మస్తానమ్మ షెడ్డు దగ్గరి మలుపు

దెయ్యాలు, ఆత్మలు అనే మాటలు మా ఇంట్లో ఎప్పుడూ నడవలేదు. నేను నమ్మలేదు, నా భార్య సుగుణా నమ్మలేదు. ఎవరైనా ఇంటికొచ్చి అలాంటి కబుర్లు మొదలుపెడితే, "ముందు పైన ట్యాంకు నిండిందేమో చూసి రా పో" అని నన్ను పంపించేది. ఈ సంగతి ముందే ఎందుకు చెబుతున్నానంటే, చదివేవాళ్ళు నన్ను అలాంటి వాటికోసం వెతుక్కుంటూ తిరిగే మనిషి అనుకోకూడదని.

బోగోలులో నాది మోటార్లు రీవైండింగ్ చేసే షాపు. పొలాల్లో కాలిపోయిన మోటార్లు, రొయ్యల గుంటల్లో తిరిగే మోటార్లు నా దగ్గరికి వస్తుంటాయి. తెచ్చినవాడు దిష్టి తగిలిందంటాడు. విప్పి చూస్తే ఒక ఫేజు పోయి ఉంటుంది, లేదా బేరింగ్ పట్టేసి ఉంటుంది, లేదా నీళ్ళు దిగి ఉంటాయి. కారణం లేకుండా కాలిన మోటారు నేను ఇంతవరకూ చూడలేదు. కారణం దొరకలేదంటే నేను సరిగ్గా వెతకలేదని అర్థం. ఇన్నేళ్ళూ అలాగే బతికాను.

పోయిన ఎండాకాలంలో నాకు జరిగినదానికి మాత్రం కారణం దొరకలేదు. వెతకడంలో లోపం చేయలేదనే అనుకుంటున్నాను.

మా వైపు ఊళ్ళ నుంచి ఏటా కోతలు అయిపోయాక వెలుగొండల్లో ఉన్న ఒక కొండ గుడికి కాలినడకన పోతారు. ఆ కొండ పేరు రాయడం లేదు. అక్కడివాళ్ళకు నా మూలంగా ఏ ఇబ్బందీ రాకూడదు. సముద్రం పక్క నుంచి బయలుదేరి పడమరగా, హైవే దాటి, వరి మళ్ళ మధ్య నుంచి కొండల దాకా నడవాలి. ఎండకు తెల్లవారుజామునే లేచి నడిచి, పొద్దెక్కాక ఎక్కడో ఒకచోట ఆగుతారు.

ఆగడానికి చోట్లకు కరువు లేదు. రోడ్డు పొడుగునా తాటాకు పందిళ్ళు ఉంటాయి. ఒకచోట మజ్జిగ పోస్తారు, ఒకచోట పానకం. ఒక ఊళ్ళో రాగి అంబలి పోసి, నంజుకోవడానికి పచ్చి ఉల్లిపాయ ఇస్తారు. ఇంకో ఊళ్ళో మసీదు పక్కనే టైలర్ షాపు పెట్టుకున్న ఒక సాయిబు గారు ఏటా నన్నారి షర్బత్ కలిపి పెడతాడు. రాత్రి పడకకు బడి వరండాలు ఉంటాయి. అడవి మొదలయ్యాక రోడ్డు ఉండదు, కాలిబాటే. ఆ బాట మీద నడిచేవాళ్ళ కోసం అక్కడక్కడా రేకుల షెడ్లు వేశారు. వాటిలో ఆఖరిది మస్తానమ్మ షెడ్డు. అక్కడి నుంచి నిట్టనిలువుగా ఎక్కడమే.

సుగుణకు దేవుడి కంటే ఈ ఆగే చోట్లంటేనే ఎక్కువ ఇష్టం. ఇంటికి తిరిగొచ్చాక ఎవరైనా "దర్శనం బాగా అయిందా అక్కా?" అని అడిగితే, "మజ్జిగ బాగుండాది" అనేది. ఏ పందిట్లో కరివేపాకు ఎక్కువేశారు, ఎక్కడ ఉప్పు తక్కువైంది, అన్నీ ఆమెకు గుర్తే. అంబలి పోసే ఆడవాళ్ళ పిల్లల పేర్లు, వాళ్ళ అత్తల జబ్బులు కూడా తెలుసు. ఎక్కడ కూర్చున్నా లేవడం కష్టం. మాకు పిల్లల్లేరు. ఆ దారి పొడుగునా ఉన్నవాళ్ళందర్నీ చుట్టాలు చేసుకుంది.

నేను వేగంగా నడుస్తాను. అందువల్ల ప్రతిచోటా నేను ముందు చేరి, కూర్చుని, ఆమె కోసం ఎదురుచూసేవాణ్ణి. చాలాసేపటికి కొంగుతో మొహం తుడుచుకుంటూ వచ్చేది. వస్తూనే, "ఎవరన్నా తరుముతా ఉండారా నిన్ను?" అనేది. మా నడకంతా ఇంతే. ఏటేటా ఇదే.

మస్తానమ్మ కొండ కింద పల్లెలో ఉంటుంది. ముందు ఆమె మొగుడు ఆ షెడ్డులో మజ్జిగ పోసేవాడు, ఆయన పోయాక ఆమె పోస్తోంది. నాలుగు రాతి గుంజలు, పైన రేకులు, కూర్చోవడానికి ఒక రాతి బల్ల, తడిపిన గోనెసంచులు చుట్టిన కుండలు. అంతే షెడ్డు. నేను చేరగానే ఆమె "అమ్మ యాడ?" అనేది. నేను "ఎనకాల వస్తా ఉండాదిలే" అనేవాణ్ణి.

నేను చెప్పబోయే నడకకు ముందు ఏడు సుగుణకు కిడ్నీలు బాగా దెబ్బతిని ఉన్నాయి. డాక్టరు నడవొద్దన్నాడు. ఆమె వినలేదు. అడవి మొదలయ్యేదాకా ఆటోలో పోయి, అక్కడి నుంచి నడిచాం. రెండడుగులు వేసి ఆగడం, మళ్ళీ రెండడుగులు. మస్తానమ్మ షెడ్డు చేరేసరికి ఇక ఆమె వల్ల కాలేదు.

"నువ్వు పైకి పోయిరా. నేనీడ పెద్దమ్మతో మాట్లాడుకుంటా కూకోనుంటా" అంది.

నేను పోలేదు. పోతే ఇద్దరం పోదాం, లేకపోతే లేదన్నాను. ఆమెకు కోపం వచ్చింది. ఇంత దూరం వచ్చి తన మూలంగా నేను స్వామిని చూడకుండా తిరిగిపోవడం ఆమెకు నచ్చలేదు. మజ్జిగ తాగి, ఇద్దరం మెల్లగా దిగి వచ్చేశాం. ఆటోలో కూడా నాతో మాట్లాడలేదు. ఇల్లు చేరాక మామూలుగానే అన్నం పెట్టింది.

ఆ వానాకాలంలో సుగుణ నెల్లూరు ఆస్పత్రిలో పోయింది. నేను పక్కనే ఉన్నాను, చేయి నా చేతిలోనే ఉంది. ఆఖరి మాట అంటూ ఏమీ లేదు. మధ్యాహ్నం నిద్రపోయి, ఆ నిద్రలోనే పోయింది.

ఆ తర్వాతి సంగతులు రాయడం నాకు చేతకాదు. ఒక్కటి చెబుతాను. షాపు మూసి ఇంటికి వచ్చి, తాళం తీసి, లోపలికి పోకుండా వసారాలో కూర్చునేవాణ్ణి. ఏదో కూర్చున్నాను అనుకునేవాణ్ణి. కొన్నాళ్ళకు గాని తెలియలేదు, ముందుగా చేరినవాడు కూర్చున్నట్టు కూర్చుంటున్నానని.

ఈసారి నడకకు పోవాలని నాకు లేదు. మా షాపు పక్కన ఎరువుల కొట్టు శ్రీనివాసులు వదల్లేదు. "ఇంట్లో ఒక్కడివే కూకోని ఏం చేస్తావన్నా, రా పోదాం" అని పట్టుబట్టాడు. సరేనని బయలుదేరాను.

బయలుదేరిన రోజే తెలిసింది, తప్పు పని చేశానని. మొదటి పందిట్లోనే అంబలి పోసే అమ్మాయి నా వెనక్కి చూసి, "అక్క రాలేదా?" అంది. చెప్పాను. గరిటె కుండలో వదిలేసి ఏడ్చింది. తర్వాతి పందిట్లో మళ్ళీ అదే ప్రశ్న. మళ్ళీ చెప్పాను. షర్బత్ పోసే సాయిబు గారు ఏమీ అడగలేదు, ఇద్దరికీ పోసి పెట్టి రోడ్డు వైపు చూస్తున్నాడు. ఆయనకూ చెప్పాను. ఆయన లేచి నిలబడి, నా భుజం మీద చేయి వేశాడు.

సుగుణ పోయినప్పుడు మా ఊళ్ళో అందరికీ ఒక్కసారే తెలిసింది. ఈ దారిలో ఎవరికీ తెలియదు. వీళ్ళందరికీ ఆమె ఇంకా ఉంది. ప్రతి పందిట్లో నేనే వెళ్ళి ఆమెను మళ్ళీ చంపుతున్నట్టు అనిపించింది. అడవి చేరేసరికి నా దగ్గర మాటలు అయిపోయాయి.

మస్తానమ్మ షెడ్డు చేరినప్పుడు ఎండ నడినెత్తికి వస్తోంది. మా జట్టులో నేనే ముందు. పోయి బల్ల చివర గుంజకు ఆనుకుని కూర్చున్నాను. ఆమె కుండలోంచి మజ్జిగ ముంచుతోంది. ఆమెకు ఎలా చెప్పాలా అని మాటలు కూడగట్టుకుంటున్నాను.

ఆమె అడగలేదు. గ్లాసు నా చేతికిచ్చి, కళ్ళకు చేయి అడ్డం పెట్టుకుని దిగువకు చూసింది.

"నిదానంగా రానీలే నాయనా. అదో, ఆ మలుపు కాడ రాయి మీద కూకోనుండాది. ఇందాకటి నుంచి చూస్తానే ఉండా" అంది.



షెడ్డుకు కాస్త దిగువగా బాట మలుపు తిరుగుతుంది. అక్కడ కూర్చోవడానికి వీలుగా ఒక పెద్ద బండరాయి ఉంది. నేను దాటినప్పుడు దాని మీద ఎవరూ లేరు. మస్తానమ్మ కుండల దగ్గర నిలబడితే అది కనపడుతుంది. నేను కూర్చున్న చోటికి పొదలు అడ్డం. లేచి నాలుగడుగులు వేస్తే నాకూ కనపడేది.

లేవలేదు. ఎందుకు లేవలేదని తర్వాత శ్రీనివాసులు అడిగాడు. మస్తానమ్మకు కంట్లో పొర ఉందని నాకు తెలుసు. ఎవరో నడిచేవాళ్ళను చూసి, ఏటా చూసే అలవాటు కొద్దీ సుగుణ అనుకుంది. ఆ మాత్రం నాకు అర్థమైంది. లేచి చూస్తే అక్కడ వేరే ఎవరో ఉంటారు, లేదా ఎవరూ ఉండరు. చూడనంతసేపు, ఆ రాయి మీద సుగుణ కూర్చునే ఉంటుంది. అందుకని లేవలేదు.

మస్తానమ్మకు చెప్పాలి. నోరు తెరిచాను కూడా. "సరే పెద్దమ్మా, రానీ" అన్నాను.

శ్రీనివాసులు, మిగతావాళ్ళు వచ్చారు, మజ్జిగ తాగారు, లేచారు. "పదన్నా, ఎండ ముదరకముందే ఎక్కేద్దాం" అన్నాడు. మీరు పోతా ఉండండి, నేను కాసేపు కూర్చుని వస్తానన్నాను. మస్తానమ్మ నాతో అన్న మాట వాళ్ళెవరూ వినలేదు. ఇది ముఖ్యం, అందుకని రాస్తున్నాను.

వాళ్ళు పోయాక నేను కూర్చుని ఎదురుచూశాను. సిగ్గు లేకుండా చెబుతున్నాను, సుగుణ పోయినప్పటి నుంచి అంత హాయిగా నేను ఎప్పుడూ లేను. గాలి వస్తోంది. రేకుల మీద ఆకులు గీసుకుంటున్నాయి. మస్తానమ్మ మిరపకాయలు నలుపుతూ ఏదో తనలో తాను మాట్లాడుకుంటోంది. వెనకాల సుగుణ వస్తోంది. ఇంకాసేపట్లో కొంగుతో మొహం తుడుచుకుంటూ వస్తుంది. నిజం కాదని తెలుసు. తెలిసీ కూర్చున్నాను.

అడుగుల చప్పుడైంది. గులకరాళ్ళ మీద ఈడ్చుకుంటూ, ఆగి ఆగి.

వచ్చింది సుగుణ కాదు. నాకంటే నాలుగైదేళ్ళు పెద్దదిలా ఉన్న ఒకావిడ, కర్ర పట్టుకుని కుంటుతూ వచ్చింది. నేను ఎప్పుడూ చూసిన మనిషి కాదు. తర్వాత తెలిసింది, ఆమె పేరు పెంచలమ్మ, ఊరు సంగం. కాలు మడతపడి వాళ్ళ జట్టు కంటే వెనకబడిందట.

ఆమె షెడ్డులోకి వచ్చి, మస్తానమ్మ వైపు కూడా చూడకుండా, నా దగ్గరికి వచ్చి నిలబడింది.

"నువ్వేనా తమ్ముడా, ఎనకాల మనిషి కోసరం కూకోనుండేది?" అంది.

నేను తలెత్తి చూశాను.

"మీ ఆమె చెప్పి పంపించింది. తన కోసరం కాచుకోని ఉండొద్దంట, పైకి పొమ్మనింది. పోయినేడు కూడా తన మూలాన నువ్వు పైకి పోలేదంట గదా. ఈసారన్నా పోయిరమ్మనింది."

మస్తానమ్మ ఆ మాటకు నవ్వి, "చూసినావా, నేను చెప్పలా?" అంది.

"నేనేనని నీకెట్లా తెలుసక్కా?" అన్నాను.

"షెడ్డులో గుంజకానుకోని, మొగం ఏలాడేసుకోని ఉంటాడు, చూడంగానే తెలుస్తాదిలే అనింది" అని ఆమె కూడా నవ్వింది.

ఆ చెప్పి పంపినావిడ ఎలా ఉందని అడిగాను. ఎలా ఉందంటే ఏం చెప్పేది, మనిషి మాదిరే ఉండాది అంది. నేను వదలకుండా అడుగుతుంటే పెంచలమ్మకు విసుగొచ్చినట్టుంది. బల్ల మీద కూర్చుని, మజ్జిగ తాగుతూ చెప్పింది.

"కాలు మడతబడి నేను ఆ రాయి కాడ కూలబడిపోతిని. ఆమె ఆడనే కూకోనుండాది. చెయ్యి పట్టుకొని లేపింది. ఈ కర్ర ఏరి ఇచ్చింది ఆమే. నాదీ ఇదే బాధ అక్కా అని కాళ్ళు చూపించింది. పాపం, బాగా వాచిపోయుండాయి తమ్ముడా. మొగోళ్ళ చెప్పులేసుకోని ఉండాది."

ఆ చెప్పుల సంగతి చెప్పాలి.

అంతకుముందు ఏడు ఆటో దిగి నడక మొదలుపెట్టిన కాసేపటికే సుగుణ కాళ్ళు వాచి, ఆమె చెప్పులు పట్టలేదు. నా చెప్పులు విప్పి ఇచ్చాను. ఆమె అవి వేసుకుంది. నేను వట్టి కాళ్ళతో నడిచాను. దారిలో తెలిసినవాళ్ళు అడిగితే, ఆమె చిన్నబుచ్చుకోకూడదని, చెప్పుల్లేకుండా నడవాలని మొక్కుకున్నానన్నాను. చీర కుచ్చిళ్ళు కిందికి ఉండటంతో ఆమె కాళ్ళ వైపు ఎవరూ చూడలేదు. శ్రీనివాసులుకు కూడా అది మొక్కనే తెలుసు. నేను అప్పటిదాకా ఎవరికీ చెప్పలేదు. ఆమె ఎవరికైనా చెప్పి ఉంటుందని నేను అనుకోను.

నేను లేచి పరిగెత్తాను. గ్లాసు పక్కన పెట్టానో, పారేశానో గుర్తు లేదు.

మలుపు దగ్గర ఎవరూ లేరు. బండరాయి ఉంది. ఎండకు కాలి ఉంది. చల్లగా తగిలిందనో, ఆమె పెట్టుకునే పూల వాసన వచ్చిందనో రాస్తే చదవడానికి బాగుంటుంది. అలాంటిదేమీ లేదు. బాటంతా గులక, అడుగుల గుర్తులు పడవు. ఒక పక్క కొండ, ఇంకో పక్క ముళ్ళకంప నిండిన లోయ. పక్కకు పోవడానికి దారి లేదు.

"సుగుణా" అని పిలిచాను. మళ్ళీ పిలిచాను. తర్వాత ఎన్నిసార్లు పిలిచానో తెలియదు. కింద నుంచి ఒక జట్టు ఎక్కి వస్తోంది. వాళ్ళు నన్ను చూసి భయపడి ఆగిపోయారు. ఒకామె దిగిపోతూ ఎదురైందా అని అడిగాను. ఎవరూ ఎదురుకాలేదన్నారు. నేను ఇంకా దిగువనున్న షెడ్డు దాకా పోయి అక్కడివాళ్ళను కూడా అడిగాను. ఒంటరిగా ఏ ఆడమనిషీ దిగిరాలేదన్నారు.

మళ్ళీ ఎక్కి వచ్చేసరికి పెంచలమ్మ కోసం వాళ్ళ అన్న కొడుకు, కోడలు పైనుంచి దిగివచ్చి ఉన్నారు. ఆమెను కిందికి తీసుకుపోతున్నారు. ఆమె నన్ను చూసి, "ఇంకా రాలేదా? వస్తాదిలే, నిదానంగా వస్తాది. నువ్వు పైకి పో తమ్ముడా, నామీద మాటొస్తాది" అంది. తన పేరు, ఊరు చెప్పి, సంగం వైపు వస్తే ఇంటికి రమ్మంది. ఆమెకు నేను ఏమీ చెప్పలేదు.

వాళ్ళు మలుపు తిరిగాక మస్తానమ్మకు చెప్పాను. "పెద్దమ్మా, సుగుణ వానాకాలంలోనే చనిపోయింది" అన్నాను.

ఆమె కొంగు నోటికి అడ్డం పెట్టుకుని కింద కూలబడింది. "మరి నేను చూసిందెవర్ని నాయనా?" అంది. నేను గుచ్చి గుచ్చి అడిగాను. నిజం చెప్పాలంటే ఆమె సుగుణ మొహం చూడలేదు. ఎవరో కూర్చుని ఉన్న ఆకారం కనపడింది, నేను వచ్చాను గనక వెనకాల ఉండేది సుగుణే అనుకుంది. ఒక్కరున్నారా ఇద్దరా అంటే చెప్పలేనంది. "నా కంటికి పొరొచ్చింది నాయనా, నా మాట నమ్మొద్దు" అని ఏడ్చింది. నేనూ ఆమె పక్కన కూర్చుని ఏడ్చాను. ఆస్పత్రిలో ఏడవలేదు, ఊళ్ళో ఏడవలేదు.

తర్వాత పైకి ఎక్కాను. పొమ్మంది గనక ఎక్కాను. గుళ్ళో హారతి ఇస్తుంటే అందరూ కళ్ళు మూసుకున్నారు. నాకు ఏమీ కోరుకోవాలనిపించలేదు. ఇంట్లోవాళ్ళు చెప్పిన పని చేసి వచ్చినవాడిలా ఉంది నాకు.

ఇల్లు చేరాక ఆ చెప్పులు చూశాను. ఎవరైనా అడుగుతారని చెబుతున్నాను. మంచం కింద, ఎక్కడ ఉన్నవి అక్కడే ఉన్నాయి. దుమ్ము కూడా కదల్లేదు.

నాకు తోచినట్టల్లా విప్పి చూశాను. వేరే ఎవరో ఆడమనిషి కూర్చుని ఉండొచ్చు. కాళ్ళు వాచినవాళ్ళు చాలామంది ఉంటారు, మగవాళ్ళ చెప్పులు వేసుకునేవాళ్ళూ ఉంటారు. షెడ్డులో మొగుడు కాచుకుని ఉన్నాడని ఆమె చెబితే, అక్కడ ఉన్నది నేనొక్కణ్ణే గనక పెంచలమ్మ నాకు చెప్పి ఉండొచ్చు. సరే. కానీ ఆ మనిషి ఎటు పోయింది? పైకి రాలేదు. కిందికి దిగలేదు. ఆమె మొగుడు ఏడి? పోయిన ఏడు తన మూలంగా పైకి పోని మొగుడు ఇంకెవరు? మా జట్టులో ప్రతి ఒక్కర్నీ అడిగాను. పెంచలమ్మ ఎవరికీ తెలియదు, ఆమెతో ఎవరూ మాట్లాడలేదు, ఆ రాయి మీద ఎవర్నీ గమనించలేదన్నారు. శ్రీనివాసులు మాత్రం, "ఎండ దెబ్బన్నా, ఆమెకూ నీకూ ఇద్దరికీ" అన్నాడు. అని, తనే మళ్ళీ చెప్పుల సంగతి అడిగి, కొట్లోకి వెళ్ళిపోయాడు.

ఆ తర్వాత సంగం వైపు ఒక మోటారు పని పడింది. పని చూసుకుని పెంచలమ్మ ఇల్లు వెతుక్కుంటూ పోయాను. బ్యారేజీకి దగ్గర్లోనే ఇల్లు. వాకిట్లో వడ్లు ఆరబోసి, వసారాలో కాపలా కూర్చుని ఉంది. నన్ను చూడగానే గుర్తుపట్టి, లోపలి నుంచి కుర్చీ తెప్పించింది.

నేను మళ్ళీ అంతా అడిగాను. అప్పుడు చెప్పిందే చెప్పింది. ఒక్క మాట కూడా ఎక్కువ కలపలేదు. గొంతు ఎలా ఉందని అడిగాను. మామూలుగానే ఉండాదంది. దిగులుగా ఉందా అని అడిగాను.

"దిగులేం లేదే. నీ గురించి చెప్పేటప్పుడు నవ్వింది గూడా" అంది.

నేను వడ్ల వైపు చూస్తూ కూర్చున్నాను. ఆమె కాఫీ తెప్పించింది. కాఫీ చేతికిస్తూ అడిగింది.

"కాళ్ళవాపు తగ్గిందా తమ్ముడా ఆమెకు?"

"తగ్గిందక్కా" అన్నాను.

"పోన్లే, మంచిమాట చెప్పినావు. మళ్ళీ ఏటికి ఇద్దరూ రాండి. నేనూ వస్తా" అంది.

అలాగేనని చెప్పి వచ్చేశాను. పెంచలమ్మ ఉన్నన్నాళ్ళు, ఆ ఇంట్లో అయినా సుగుణ అలా ఉండనీ అనుకున్నాను.

ఇప్పటికీ ఆత్మలున్నాయని నేను అనను. లేవని గట్టిగా అనే ధైర్యం కూడా పోయింది. ఆ రోజు ఆ రాయి మీద ఎవరు కూర్చున్నారో నాకు తెలియదు. తెలియదని ఒప్పుకోవడం నాకు పెద్ద కష్టం కాదు. కష్టమైంది వేరే ఉంది. అది సుగుణే అయితే, ముక్కూ మొహం తెలియని ఒకావిడను చేయి పట్టుకుని లేపింది. ఆమెతో మాట్లాడింది, నవ్వింది. నేను మలుపుకు ఇవతలే కూర్చుని ఉన్నానని తెలుసు. మస్తానమ్మ షెడ్డులో నుంచి "మజ్జిగ తాగిపోండమ్మా" అని కేకేస్తే ఆ రాయి దగ్గర ఉన్నవాళ్ళకు వినపడుతుంది. అక్కడి నుంచి పిలిస్తే షెడ్డులో ఉన్నవాళ్ళకూ వినపడుతుంది. ఒక్కసారి పిలిస్తే చాలు, నేను పోయేవాణ్ణి.

ఎందుకు పిలవలేదో నాకు ఈరోజుకీ తెలియదు.